చేతికి స్లింగ్ వేయడం: కింద పడ్డ నిమిషం నుంచి తీసేసే రోజు దాకా

బైక్ స్కిడ్ అయినా, బాత్‌రూమ్‌లో కాలు జారినా, పిల్లాడు గోడ మీద నుంచి దూకినా మనిషి ముందు చెయ్యే చాపుతాడు. అందుకే మణికట్టు, మోచెయ్యి, జబ్బ, కాలర్ బోన్ అంత తరచుగా దెబ్బ తింటాయి. ఆర్థో (ఎముకల డాక్టరు) ఓపీ దగ్గర కాసేపు కూర్చుంటే మీకే కనిపిస్తుంది: వచ్చినవాళ్లు దెబ్బ తగిలిన చేతిని రెండో చేత్తో పొట్టకి ఆనించి పట్టుకుని, ఒక పక్కకి ఒరిగి నడుస్తుంటారు. ఆ రెండో చెయ్యి చేస్తున్న పనే స్లింగ్, అంటే చేతిని మోయడానికి మెడ నుంచి కట్టే గుడ్డ, చేయాలి.

ఒక చెయ్యి బరువు మనిషి మొత్తం బరువులో సుమారు 5 శాతం. అంటే 60 కిలోల మనిషికి దాదాపు 3 కిలోలు. ఆ బరువు దెబ్బ తగిలిన చోట వేలాడకుండా చూడటం, కదలిక తగ్గించడం, అంతవరకే స్లింగ్ పని. విరిగిన ఎముకని అది సరిచేయదు. ఈ మాట గుర్తుంటే బిగించి కట్టేయాలన్న ఆత్రం తగ్గుతుంది. స్లింగ్ తెచ్చే తిప్పలు ఎక్కువగా రెండే: మరీ బిగుతుగా కట్టడం, తీయాల్సిన రోజు దాటినా తీయకపోవడం.

కట్టే ముందు చూసుకోవాల్సినవి

ముందు మనిషిని కూర్చోబెట్టండి. చెయ్యి ఏ భంగిమలో నొప్పి తక్కువగా ఉందో ఆయనకే తెలుసు కాబట్టి అలాగే పట్టుకోమనండి. మెడ నొప్పిగా ఉందన్నా, కాళ్లూ చేతులూ తిమ్మిరిగా ఉన్నాయన్నా, తలకి పెద్ద దెబ్బ తగిలినా స్లింగ్ సంగతి పక్కన పెట్టండి. కదపకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. మెడకి దెబ్బ తగిలిందేమో అన్న అనుమానం ఉన్నప్పుడు మెడ చుట్టూ గుడ్డ వేసి దానికి చెయ్యి బరువు తగిలించకూడదు.

తర్వాత ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయండి. ఇది వెంటనే చేయాల్సిన పని, ఎందుకంటే అరగంట గడిస్తే వాపు వచ్చి ఉంగరం వేలిలోకి దిగబడిపోతుంది. రాకపోతే సబ్బు నురగ గానీ కొబ్బరినూనె గానీ రాసి, లాగకుండా తిప్పుతూ తీయండి. మణికట్టుకి కట్టిన దేవుడి తాడు కోయడానికి ఇంట్లో పెద్దవాళ్లు చాలాసార్లు ఒప్పుకోరు. రెండో చేతికి మళ్లీ కట్టుకోవచ్చని నచ్చజెప్పి తీయించండి. వాచిన చేతి మీద బిగుసుకున్న దారం రక్తాన్ని ఆపేస్తుంది.

ఇప్పుడు వేళ్లు చూడండి. గోరుని గట్టిగా నొక్కి వదిలితే తెల్లబడ్డ చోటు సుమారు 2 సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి. రెండో చేతి గోరుతో పోల్చుకుంటే తేడా తెలిసిపోతుంది. ఆ తర్వాత నాలుగు చిన్న కదలికలు చేయించండి: పిడికిలి బిగించడం, బొటనవేలు పైకెత్తడం, బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టడం, వేళ్లు కత్తెరలా విప్పి మూయడం. చేతిలోకి వెళ్లే ముఖ్యమైన నరాలు పనిచేస్తున్నాయో లేదో ఈ ఆటతోనే చాలావరకు తెలుస్తుంది. జబ్బ ఎముక మధ్యలో విరిగినప్పుడు దాన్ని చుట్టుకుని వెళ్లే రేడియల్ నరం దెబ్బతిని, మణికట్టు వాలిపోయి బొటనవేలు పైకి లేవకపోవచ్చు. భుజం గూడ జారినప్పుడు జబ్బ పైభాగంలో, బయటి వైపు అరచెయ్యంత మేర స్పర్శ తగ్గవచ్చు. ఇలాంటిది ఏదైనా కనిపిస్తే గుర్తుపెట్టుకుని డాక్టరుకి చెప్పండి. కట్టు కట్టక ముందే అలా ఉందా, కట్టిన తర్వాత వచ్చిందా అన్నది ఆయనకి చాలా ముఖ్యం.

గాయం తెరుచుకుని రక్తం వస్తుంటే శుభ్రమైన గుడ్డ అదిమి కప్పండి. పసుపు, కాఫీపొడి వద్దు. ఎముక బయటికి కనిపిస్తుంటే దాన్ని లోపలికి నెట్టొద్దు, దాని మీద అదమొద్దు. చుట్టూ మెత్తలు పెట్టి పైన గుడ్డ కప్పండి. చెయ్యి వంకర తిరిగి ఉంటే లాగి సరిచేసే ప్రయత్నం చేయొద్దు. నూనె పెట్టి తోమడం అంతకన్నా వద్దు. ఆపరేషనో, మత్తు ఇచ్చి సరిచేయడమో అవసరం కావచ్చు కాబట్టి డాక్టరు చూసేదాకా టీ, టిఫిన్ ఏమీ పెట్టకండి. మన ఇళ్లలో పాటించడానికి కష్టమైన సలహా ఇదే. పడ్డ మనిషికి కాసిని కాఫీ నీళ్లయినా పోయకపోతే ఎవరికీ మనసొప్పదు.

ఏ గుడ్డ వాడాలి

ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో దొరికే మూడు మూలల బ్యాండేజీ అన్నిటికన్నా నమ్మకమైనది. 19వ శతాబ్దంలో ఎస్మార్క్ అనే జర్మన్ సైనిక సర్జన్ దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. ఎలా కట్టాలో చూపించే బొమ్మల్ని ఆ గుడ్డ మీదే అచ్చు వేయించాడు. ఇప్పటి బ్యాండేజీల మీద కూడా ఆ బొమ్మలుంటే ఎంత బాగుండేదో!

ఇంట్లో తయారు చేసుకోవడం సులువు. పాత నూలు చీర పన్నా ఒక మీటరు పైచిలుకు ఉంటుంది. పన్నా ఎంతుందో పొడవు కూడా అంతే కొలిచి చతురస్రంగా కత్తిరించి, దాన్ని మూల నుంచి మూలకి కోస్తే రెండు బ్యాండేజీలు. ఒక చీరలో అపార్ట్‌మెంటుకో స్కూలుకో సరిపడా వస్తాయి. సిల్కు, సింథటిక్ చీరలు మాత్రం ముడి దగ్గర జారిపోతాయి. అప్పటికప్పుడు కావాలంటే చున్నీ, కండువా, పంచె ఏదైనా పర్లేదు. చేతిలో ఏమీ లేకపోతే చొక్కా కింది అంచుని ముంజేతి మీదుగా పైకి మడిచి ఛాతీ దగ్గర పిన్నీసు పెట్టేయొచ్చు. లేదా బొత్తాల మధ్య చెయ్యి దూర్చి ఉంచొచ్చు. ఆసుపత్రి దాకా అది చాలు.

మామూలు స్లింగ్, అంచెలంచెలుగా

ముంజేతికి, మణికట్టుకి, జబ్బకి తగిలిన దెబ్బలకి, మోచెయ్యి నొప్పి లేకుండా వంగుతున్నప్పుడు ఇది పనికొస్తుంది. మూడు మూలల గుడ్డకి ఒక పొడవాటి అంచు, దానికి రెండు కొసలు, ఎదురుగా ఒక మొన ఉంటాయి. ఉదాహరణకి కుడి చేతికి దెబ్బ తగిలిందనుకుందాం.

1. మోచెయ్యి దాదాపు లంబకోణంలో వంచి, ముంజేతిని పొట్టకి అడ్డంగా పెట్టమనండి. అరచెయ్యి మోచేతి కన్నా కొంచెం పైకి ఉండాలి. ఎడమ చేత్తో దాన్ని ఆయనే పట్టుకుని ఉంటారు.

2. గుడ్డని ఛాతీకి, ముంజేతికి మధ్య నుంచి మెల్లగా దూర్చండి. పొడవాటి అంచు ఎడమ వైపు నిలువుగా రావాలి. పై కొస ఎడమ భుజం మీదకి, కింది కొస తొడ మీదకి, మొన కుడి మోచెయ్యి దాటి బయటికి రావాలి. తప్పులన్నీ దాదాపు ఇక్కడే జరుగుతాయి. మొన చేతివేళ్ల వైపు వచ్చిందంటే గుడ్డ తిరగబడిందన్నమాట.

3. పై కొసని ఎడమ భుజం మీదుగా మెడ వెనక నుంచి తిప్పి కుడి భుజం ముందుకి తీసుకురండి. మెడ వెనక గుడ్డని తాడులా చుట్టుకుపోనివ్వకుండా వెడల్పుగా పరిచి, కింద ఒక చేతిరుమాలు మడిచి పెట్టండి.

4. కింది కొసని ముంజేతి మీదుగా పైకెత్తి, కుడి భుజం దగ్గర ఉన్న పై కొసతో కలపండి. ముడి వేసే ముందు ఎత్తు చూసుకోండి. స్లింగ్ చెయ్యి బరువు మోస్తుంటే ఆయన ముఖంలోనే తేడా కనిపిస్తుంది, పైకి లేచిన భుజం కిందికి దిగుతుంది.

5. కాలర్ బోన్ పైన ఉండే గుంటలో ముడి వేయండి. కుడి కొస ఎడమ దాని మీదుగా, మళ్లీ ఎడమ కొస కుడి దాని మీదుగా. ఎన్‌సీసీ, స్కౌట్స్ చేసినవాళ్లకి ఈ రీఫ్ ముడి గుర్తుండే ఉంటుంది. అది జారదు, చదునుగా ఉంటుంది, అవసరమైతే వెంటనే ఊడుతుంది. మిగిలిన కొసల్ని ముడి కింద దోపితే అవే మెత్తగా ఉంటాయి. కాలర్ బోనుకే దెబ్బయితే ఈ పద్ధతి వద్దు, కింద చెప్పిన, చెయ్యి పైకి ఉండే రకం వాడండి.

6. మోచేతి దగ్గర మిగిలిన మొనని మెలిపెట్టి లోపలికి దోపండి, లేదా ముందుకి మడిచి పిన్నీసు పెట్టండి. ఇది చేయకపోతే నాలుగడుగులు వేసేసరికి మోచెయ్యి వెనక నుంచి జారిపోతుంది.

7. గుడ్డ అంచు చిటికెనవేలి గోరు మొదలు దాకా రావాలి. అంతకన్నా పొట్టిగా ఉంటే మణికట్టు అంచు మీద నుంచి వేలాడుతుంది. దెబ్బ మణికట్టుకే అయితే అది నరకం. వేళ్ల కొసలు, గోళ్లు మాత్రం బయటికి కనిపించాలి.

8. గోరు నొక్కి మళ్లీ చూడండి. ఆ నాలుగు కదలికలూ మళ్లీ చేయించండి.

గతుకుల రోడ్డు మీద వెళ్లాల్సి ఉంటే ఇంకో గుడ్డని వెడల్పాటి పట్టీలా మడిచి, స్లింగ్ మీదుగా ఛాతీ చుట్టూ వేసి రెండో పక్క కట్టండి. చెయ్యి ఒంటికి ఆని ఉంటుంది. ఊపిరికి అడ్డం రాకూడదు. బైక్ వెనక మాత్రం కూర్చోబెట్టొద్దు. పట్టుకోవడానికి ఒక్క చెయ్యే ఉంటుంది, పైగా ప్రతి స్పీడ్ బ్రేకరూ విరిగిన చోటే తగులుతుంది.

అన్ని దెబ్బలకీ ఒకటే స్లింగ్ కాదు

అరచేతిలో కోసుకుని రక్తం ఆగకపోతేనో, చెయ్యి బాగా వాస్తుంటేనో, కాలర్ బోన్ విరిగితేనో చెయ్యి పైకి ఉండేలా కట్టాలి. దెబ్బ తగిలిన వైపు అరచెయ్యి ఎదుటి భుజం మీద ఉంచమనండి. గుడ్డని ముంజేతి పైనుంచి కప్పండి. ఒక కొస బాగున్న భుజం మీదికి, మొన దెబ్బ తగిలిన వైపు మోచెయ్యి దాటి రావాలి. పొడవాటి అంచుని చెయ్యి, ముంజెయ్యి, మోచేతుల కిందకి దోపి, కింది కొసని వీపు మీదుగా ఏటవాలుగా తెచ్చి, బాగున్న వైపు కాలర్ బోన్ పైన ముడి వేయండి. మోచేతి దగ్గర మెలి మామూలే.

జబ్బ ఎముక విరిగిందని ఎక్స్-రేలో తేలాక డాక్టర్లు తరచుగా 'కాలర్ అండ్ కఫ్' ఇస్తారు. మెత్తటి స్పాంజి పట్టీ మెడ చుట్టూ, మణికట్టు చుట్టూ మాత్రమే ఉంటుంది. మోచెయ్యి గాలిలో వేలాడుతుంది. చూసిన చుట్టాలు అయ్యో అని మోచేతి కింద చున్నీ కట్టబోతారు, దిండు పెట్టబోతారు. వద్దు. ఇక్కడ చెయ్యి బరువే వైద్యం. మోచెయ్యి కిందికి లాగుతుంటేనే విరిగిన ముక్కలు ఒక వరసలోకి వస్తాయి. కింద నుంచి ఎత్తి పెడితే ఆ లాగుడు పోతుంది. 60 దాటినవాళ్లు పక్కకి పడి భుజం దగ్గర జబ్బ ఎముక మెడ విరగ్గొట్టుకుంటే చాలామందికి ఇదే వేస్తారు. నాలుగైదు రోజులకి నలుపు మోచేతి దాకా, ఛాతీ పక్కకి దిగి ఇంటిల్లిపాదికీ టెన్షన్ పెడుతుంది. లోపల కారిన రక్తం బరువుకి కిందికి దిగడమే అది. సాధారణంగా రెండు మూడు వారాల్లో పచ్చబడి పోతుంది.

మోచెయ్యి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. 5 నుంచి 8 ఏళ్ల పిల్లలు చెయ్యి చాపి పడినప్పుడు మోచేతికి కాస్త పైన ఎముక విరగడం చాలా మామూలు. సరిగ్గా అక్కడి నుంచే చేతికి రక్తం తెచ్చే పెద్ద నాళం వెళ్తుంది. వాచిన ఆ మోచేతిని స్లింగ్ కోసమని బలవంతంగా వంచితే మణికట్టు దగ్గర నాడి అందకుండా పోవచ్చు. రక్తం ఆగిన కండరం గంటల్లోనే చచ్చిపోవడం మొదలవుతుంది. తర్వాత వేళ్లు ముడుచుకుని శాశ్వతంగా అలాగే ఉండిపోతాయి. వోల్క్‌మన్ అనే జర్మన్ సర్జన్ 1881లోనే దీన్ని వర్ణించి, బిగుతు కట్లని వేలెత్తి చూపించాడు. కాబట్టి వంగని మోచేతిని ఎలా ఉందో అలాగే ఉంచండి. చెయ్యి చాపి ఉంటే చేతికీ ఒంటికీ మధ్య తువ్వాలు మడిచి పెట్టి, మోచేతికి పైన ఒకటి, కింద ఒకటి వెడల్పాటి పట్టీలతో ఒంటికి వదులుగా కట్టి, పడుకోబెట్టి తీసుకెళ్లండి. సరిగ్గా మోచేతి మీద పట్టీ రాకూడదు.

పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువాళ్లు అరుదు. ఎక్కడ కట్టించుకుంటారన్నది మీ ఇష్టం. నా అభిప్రాయం మాత్రం ఇది: ముందు ఎక్స్-రే తీయించి ఆర్థోపెడిక్ డాక్టరుకి చూపించండి, పిల్లల మోచెయ్యి అయితే ఎట్టి పరిస్థితిలోనూ ఆసుపత్రి దాటి వెళ్లకండి.

మెడికల్ షాపు పౌచ్ కొనేటప్పుడు

పౌచ్ అంటే సంచీలా కుట్టి, బెల్టు పెట్టి అమ్మే రెడీమేడ్ స్లింగ్. షాపులో భుజాన్ని చూసి సైజు ఇచ్చేస్తుంటారు. నిజానికి కొలవాల్సింది మోచేతి కొస నుంచి చిటికెనవేలి మొదలు దాకా ఉన్న పొడవు. పౌచ్ పొట్టిదైతే మణికట్టు వేలాడుతుంది, పొడవైతే వేళ్లు లోపల కనపడకుండా పోతాయి. పిండి కట్టు వేసిన తర్వాత కొంటుంటే కట్టు మందం కూడా లెక్కలోకి వస్తుంది, అప్పుడు ఒక సైజు పెద్దది పట్టొచ్చు.

వేసుకునేటప్పుడు ముందు మోచేతిని పౌచ్ మూల దాకా పూర్తిగా నెట్టాలి, ఆ తర్వాతే బెల్టు సర్దాలి. సగం దూర్చి బెల్టు బిగిస్తే గంటకోసారి చెయ్యి ముందుకి జారుతుంది, మనం గంటకోసారి బెల్టు బిగిస్తూ పోతాం, చివరికి మెడ నొప్పి మిగులుతుంది. బెల్టు వీలైనంత వరకు మెడ మీద కాక ఎదుటి భుజం మీద కూర్చోవాలి. కాలర్ బోనుకి వీపు మీద ఎనిమిది అంకెలా వచ్చే బెల్టు కూడా అమ్ముతారు. మామూలు స్లింగ్ కన్నా దాంతో ఎముక మెరుగ్గా అతుక్కుంటుందని తేలలేదు, చంకల్లో ఒరిపిడి మాత్రం ఎక్కువ. డాక్టరు ప్రత్యేకంగా రాస్తే తప్ప దాని జోలికి వెళ్లనక్కర్లేదు.

మొదటి రెండు రోజుల కాపలా

వాపు మొదటి 48 గంటల్లో పెరుగుతుంది. ఉదయం వదులుగా ఉన్న కట్టు రాత్రికి బిగుసుకోవచ్చు. మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి వేళ్లు చూసుకోండి, పది సార్లు పిడికిలి బిగించి విప్పండి. చెయ్యి దించి ఉంచకండి. ఐస్ పెట్టమంటే గుడ్డలో చుట్టి 15, 20 నిమిషాలు పెట్టండి. పిండి కట్టు తడవకూడదు.

నొప్పి మాత్ర వేసుకున్నా నొప్పి పెరుగుతూ పోవడం, ఎవరైనా వేళ్లు మెల్లగా చాపితే ప్రాణం పోయినంత నొప్పి రావడం, వేళ్లు పాలిపోవడం లేదా నీలబడటం, చల్లబడటం, మొద్దుబారడం: వీటిలో ఒక్కటి కనిపించినా స్లింగ్ విప్పి, పైన చుట్టిన బ్యాండేజీ వదులు చేసి, అర్ధరాత్రయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. తెల్లారాక చూద్దాం అనుకోవద్దు. చిన్నపిల్లలు తిమ్మిరి అని చెప్పలేరు. కట్టు వేశాక కాసేపు ఊరుకుని మళ్లీ ఏడుపు పెరుగుతుంటే పేచీ అనుకోకుండా వేళ్లు చూడండి.

దాంతో బతకడం

నిద్ర పెద్ద సమస్య. వెల్లకిలా పడుకుంటే మోచెయ్యి వెనక్కి వాలి భుజం గుంజుతుంది. మామూలు స్లింగో పౌచో అయితే జబ్బ వెనక చిన్న దిండు పెట్టుకోవచ్చు. కాలర్ అండ్ కఫ్ ఉన్నవాళ్లు నాలుగు దిండ్లు ఎత్తుగా పెట్టుకుని సగం కూర్చున్నట్టే పడుకోవాలి. వాలు కుర్చీ ఉంటే ఇంకా మంచిది.

బట్టలు వేసుకునేటప్పుడు దెబ్బ తగిలిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు అది చివర. ముందు వైపు బొత్తాలున్న వదులు చొక్కా, బొత్తాల నైటీ ఉంటే ఈ కొన్ని వారాలూ గడిచిపోతాయి. స్లింగ్ పైన చొక్కా కప్పుకోవచ్చు గానీ చర్మానికి చర్మం ఆని ఉండకూడదు. మన ఎండాకాలంలో చంకలో, మోచేతి మడతలో రెండు రోజులకే ఒరుసుకుపోయి పుండు పడుతుంది. స్నానానికి తీయొచ్చని డాక్టరు చెప్పి ఉంటే ముందుకి వంగి నిలబడండి. చెయ్యి దానంతటదే ఒంటికి దూరంగా వేలాడుతుంది, చంక కడిగి ఆరబెట్టుకోవచ్చు. మడిచిన నూలు గుడ్డ చంకలో పెట్టుకుంటే చెమట పీలుస్తుంది. పౌచ్‌లు రెండు ఉంటే ఒకటి ఉతుక్కోవచ్చు.

తీసేయడం కూడా వైద్యమే

కట్టడం గురించి అందరూ అడుగుతారు, తీయడం గురించి ఎవరూ అడగరు. కదలని భుజం బిగుసుకుపోతుంది. షుగర్ ఉన్నవాళ్లకి, వయసు పైబడినవాళ్లకి ఇంకా త్వరగా. ఎముక చక్కగా అతుక్కుని, చెయ్యి పైకెత్తి జడ వేసుకోలేక నెలల తరబడి ఫిజియోథెరపీకి తిరిగేవాళ్లు ఎంతోమంది. అందుకే స్లింగ్ వేసిన రోజే మూడు ప్రశ్నలు అడగండి: ఎన్నాళ్లు ఉంచాలి, రోజులో ఎప్పుడెప్పుడు తీయొచ్చు, ఏ కీలు ఎప్పటి నుంచి కదపాలి. మణికట్టుకి పిండి కట్టు వేసినప్పుడు వాపు తగ్గాక స్లింగ్ అక్కర్లేకపోవచ్చు, భుజం, మోచెయ్యి మొదటి వారం నుంచే కదపమంటారు. జారిన భుజం గూడ సరిచేశాక, విరిగిన జబ్బకి, కాలర్ బోనుకి గడువు వేరు. పక్కింటాయనకి ఆరు వారాలు ఉంచారని మీరూ ఉంచుకోవద్దు.

భుజానికి మొదట చెప్పే వ్యాయామం చాలా తేలిక. బాగున్న చేతిని బల్ల మీద ఆనించి ముందుకి వంగి, దెబ్బ తగిలిన చేతిని వదులుగా వేలాడనిచ్చి, ఒంటిని మెల్లగా ఊపుతూ చెయ్యి దానంతటదే ముందుకీ వెనక్కీ ఊగేలా, తర్వాత చిన్న సున్నాలు చుట్టేలా చేయడం. భుజం కండరాలతో ఎత్తకూడదు. డాక్టరు మొదలుపెట్టమన్న రోజు నుంచే చేయాలి, ముందు వద్దు.

గడువు అయ్యాక ఒక్కసారిగా పక్కన పడేయనక్కర్లేదు. ఇంట్లో కూర్చున్నప్పుడు తీసి ఉంచండి, భోజనానికి, రాయడానికి ఆ చేతినే వాడండి. బస్సు ఎక్కేటప్పుడు, పెళ్లికో తిరునాళ్లకో వెళ్లేటప్పుడు మాత్రం ఇంకో వారం వేసుకోండి. అక్కడ దాని పని చెయ్యి మోయడం కన్నా, చూసినవాళ్లు కాస్త దూరంగా తప్పుకునేలా చేయడమే.